సాక్ష్యం చెప్పాక గోలీ ఎందుకు?

మా అమ్మాయి కుడి చెప్పుకు అడుగున ఒక పొర ఎక్కువ ఉంటుంది. చేవెళ్ల బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన ప్రతి కొత్త జతకూ ఆ పొర అంటించి ఇస్తాడు. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగేవాళ్లంతా మా చుట్టాలే. పెళ్లి భోజనాల్లో పిల్ల నడకను కంటితో కొలిచి, బగారన్నంలో కోడికూర కలుపుకుంటూ "పుట్టుకతోటేనా?" అంటారు. "చిన్నప్పుడు పడ్డది" అని మా ఆయన ముగించేస్తాడు. మా అత్తమ్మ అప్పుడే ఎవరో పిలిచినట్టు లేచి వెళ్తుంది. నన్ను అడిగితే మాత్రం మొదటి నుంచీ చెప్తాను. వాళ్ల కూర చల్లారిపోతుంది, ఆ పెళ్లిలో ఇక నా పక్కన ఎవరూ కూర్చోరు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్లకు కూర చల్లారే బాధ ఉండదు.

పడ్డమాట అబద్ధం కాదు. అప్పుడది మూడో తరగతి. బడిలో ఖోఖో ఆడుతూ పడి మోకాలి దగ్గర గీరుకుంది. పుండు పక్కు కట్టింది, పక్కు ఊడింది, మేమూ మరిచిపోయాం. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున జ్వరంతో లేచి కుడికాలు కింద పెట్టనంది. మోకాలికి కాస్త పైన రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.

మా ఇంట్లో నొప్పిని చూడకముందే దానికి పేరు పెట్టేస్తారు. పేరు పెట్టే అధికారం అత్తమ్మది. సురంగల్ దాటాక వచ్చే చిన్న ఊరు మాది. ఆ ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి ఆమె అధ్యక్షురాలు. ఎవరింట్లో ఎవరు దగ్గినా ముందు ఆమెకు తెలియాలి, తర్వాతే డాక్టరుకు. కాలు ముట్టుకోకుండానే "బెణికింది" అంది. ఇక అది బెణుకే. నూనె కాచి తెచ్చి, పిల్లను మంచం మీద పడుకోబెట్టి, మోకాలి నుంచి పైకి రుద్దడం మొదలుపెట్టింది. పిల్ల పెట్టిన కేకలకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

"అత్తమ్మా, కాలు కాలిపోతున్నది, ముట్టి చూడు. బెణికితే జ్వరమెందుకొస్తది?" అన్నాను.

"నరం దారిలకొస్తున్నది బిడ్డా. గందుకే ఏడుస్తున్నది. నువ్వు జర గమ్మునుండు" అంది.

మర్నాడు మా ఊళ్లో సూదులిచ్చే ఆర్‌ఎంపీ వచ్చాడు. మాకు ఆయనే డాక్టరు. జలుబుకైనా, నడుం నొప్పికైనా, అల్లుడి మీద కోపానికైనా ఆయన సంచీలో అదే సూది ఉంటుంది. ఒక నొప్పి సూది వేసి, రెండు రోజులకు ఏదో ఆంటిబయాటిక్ ఇచ్చాడు. "పవర్ మందు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. రెండు రోజులు జ్వరం తగ్గింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది, అత్తమ్మ తన నూనెకు, ఆర్‌ఎంపీ తన సూదికి ఆ పుణ్యం రాసుకున్నారు. మందు అయిపోయిన మర్నాడు జ్వరం మునుపటికంటే మండుతూ వచ్చింది. తొడ కింది భాగం వాచి మెరుస్తోంది. ఈసారి నేను ఎవరినీ అడగలేదు. పిల్లను ఎత్తుకుని, ఆటో ఎక్కి చేవెళ్లకు పోయాను.

అక్కడి పిల్లల డాక్టరమ్మ చాలా చిరాకు మనిషి. ఎవరినీ కూర్చోమనదు, కూర్చున్నవాళ్లను లేవమంటుంది. కానీ ఆమె మా పిల్ల కాలును పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అరచేతితో కాదు, ఒక్క వేలితో, మెల్లగా, మోకాలి పైనుంచి వెతుక్కుంటూ వచ్చింది. ఒక చోట ఆగి నొక్కగానే పిల్ల గది దద్దరిల్లేటట్టు అరిచింది.

"ఇది బెణుకు కాదు. ఎముకల ఇన్ఫెక్షన్. లోపల చీము పట్టి ఉంటది. ఎవరు రుద్దిండ్రు దీన్ని?"

నేను చెప్పాను. ఆమె అత్తమ్మను తిట్టలేదు, నన్ను తిట్టింది. ఎదురుగా ఉన్నవాళ్లను తిట్టడం సులువు కదా. తిట్టడం అయ్యాక మందుల చీటీ వెనక్కి తిప్పి ఒక ఎముక బొమ్మ గీసింది. అచ్చం సొరకాయలా ఉంది. సొరకాయ చివర ఒక గీత కొట్టి, గీత పక్కన చుక్క పెట్టింది.

"ఈ గీత ఉన్నచోట ఎముక పెరుగుతది. చీము దీని పక్కనే ఉన్నది. ఈ గీత చెడిపోయిందనుకో, ఈ కాలు ఆగిపోతది, ఆ కాలు పెరుగుతనే ఉంటది. సమజైందా? ఇప్పుడే పట్నం పొండ్రి."

సమజైంది. దారి పొడుగునా నా ఒళ్లో పడుకున్న పిల్ల రెండు కాళ్లనూ చూస్తూ కూర్చున్నాను. అప్పటికి రెండూ ఒకే పొడుగు.

పట్నంలో పెద్ద దవాఖానలో ఫొటోలు తీశారు, రక్తాలు తీశారు, ఆపరేషన్ చేసి చీము తీశారు. ఆ చీమును పరీక్షకు పంపి, అందులో పురుగు ఏ మందుకు లొంగుతుందో చూసి ఆ మందే నరం గుండా ఎక్కించారు. జ్వరం దిగింది. పిల్ల ఇడ్లీ అడిగింది. తర్వాత ఇంటికి పంపుతూ గోలీలు రాసిచ్చారు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. వచ్చేటప్పుడు చేవెళ్లలో డాక్టరమ్మకు చూపించాం. నేనూ, మా ఆయనా, అత్తమ్మా ముగ్గురం ఆమె ముందు నిలబడ్డాం.

"చూడండ్రి. ఎముకలకు మందు తొందరగా పోదు. పైన అంతా మంచిగున్నట్టే కనిపిస్తది, లోపల పురుగు దాక్కొని ఉంటది. అందుకే వారాల కొద్దీ వెయ్యాలె. జ్వరం పోయింది, నొప్పి పోయింది, పిల్ల గంతులేస్తున్నది అని ఆపిండ్రనుకో, మల్ల మొదటికొస్తది. నేను ఆపమన్ననాడే ఆపాలె. కాలు మీద బరువు కూడా ఇప్పుడే వద్దు."

ముగ్గురం తలలూపాం. మా ఇంట్లో తల ఊపడమంటే మాట చెవిన పడిందని అర్థం, అంతకుమించి ఏమీ లేదు.

ఇక్కడ మా వాళ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. జబ్బు నుంచి బయటపడ్డ మనిషి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర బగారన్నం. మధ్యలో సాక్ష్యం. అంటే జబ్బుపడ్డవాళ్లో, వాళ్ల తరఫున ఇంకొకరో లేచి, ఎంత కష్టం వచ్చింది, దేవుడు ఎలా తీర్చాడు అని అందరి ముందూ చెప్పాలి. మంచి పద్ధతే. నేనూ చిన్నప్పటి నుంచి ఆ సాక్ష్యాలు వింటూ ఏడ్చినదాన్నే. కానీ సాక్ష్యానికి ఒక చిక్కుంది. చెప్పేవాళ్లకు జబ్బు ఎంత పెద్దదైతే అంత మంచిది, మందు ఎంత చిన్నదైతే అంత మంచిది. అసలు మందే లేకపోతే ఇంకా గొప్ప. మా ఎదురింటి అక్క కొడుక్కి పచ్చకామెర్లు వచ్చి, ప్రార్థనతోనే పోయాయని ఆమె చెప్పిన సాక్ష్యం ఏడాదంతా ఊళ్లు తిరిగింది. చిన్న మంగళారం పిలిచారు, జన్వాడ పిలిచారు, చేవెళ్లలో అయితే శాలువా కప్పారు. అధ్యక్షురాలు మా అత్తమ్మ, శాలువా ఎదురింటి అక్కకు. ఆ శాలువా అత్తమ్మకు ఏడాదిగా గొంతులో ముల్లులా ఉంది.

అందుకని పిల్లకు నరం గుండా మందు ఎక్కుతుండగానే కూడిక తేదీ ఖాయమైపోయింది. మా ఆయన మొయినాబాద్ పోయి ఫ్లెక్సీ కొట్టించాడు. పిల్ల ఫొటో క్రిస్మస్ నాటిది, వీపుకు అట్టరెక్కలు కట్టుకుని దేవదూత వేషంలో ఉన్నది. ఫ్లెక్సీ కుర్రాడు ఉత్సాహంలో రెండు పావురాలనూ, ఒక ఇంద్రధనుస్సునూ కలిపాడు. పైన పెద్దక్షరాలతో "సంపూర్ణ స్వస్థత". ఒక పక్క అత్తమ్మ, పిల్లకంటే పెద్దగా. కింద వరసగా మా ఆయన దోస్తులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఎందుకో నాకు తెలియదు. నా ఫొటో లేదు. దవాఖానలో పిల్ల మంచం కింద చాప వేసుకుని పడుకున్నదాన్ని, ఫొటోకు ఎక్కడ దొరుకుతాను?

కూడిక రోజు వాకిలంతా జనం. అత్తమ్మ మైకు పట్టుకుంది. మొదట బాగానే చెప్పింది. పిల్ల ఏడ్చిందని, తాను ఉపవాసం ఉన్నదని. తర్వాత జనంలో ఎదురింటి అక్క కనబడింది. అక్కడి నుంచి కథ దారి తప్పింది.

"డాక్టర్లు కాలు తీసేస్తమన్నరు! నా మనవరాలి కాలు తీసేస్తమన్నరు అక్కలారా! నేను మోకాళ్ల మీద పడ్డ. గోలీ లేదు, సూది లేదు, నా దేవుడు ముట్టిండు. ముట్టంగనే మంచిగైంది!"

హల్లెలూయలు మిన్నంటాయి. నేను వంటల దగ్గర నిలబడి ఉన్నాను. కాలు తీస్తామని ఎవరన్నారో నాకు తెలియదు. గోలీల డబ్బా ఇంట్లో సెల్ఫు మీద, వినబడేంత దూరంలోనే ఉంది. అంతలో అత్తమ్మ "రా బిడ్డా, నడిచి రా" అని పిల్లను పిలిచింది. బరువు పెట్టొద్దన్న కాలితో పిల్ల గడప నుంచి మైకు దాకా కుంటుతూ నడిచింది. అది కుంటిన కొద్దీ చప్పట్లు పెరిగాయి. కూడిక ముగిశాక మా పాస్టరు అయ్యగారు వంటింట్లోకి వచ్చి, నన్ను గ్లాసు నీళ్లడిగి, జేబులోంచి షుగరు గోలీ తీసి వేసుకుని భోజనానికి కూర్చున్నారు. ఆ గోలీలో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. అత్తమ్మ కూడా రోజూ పొద్దున చాయ్‌తో బీపీ గోలీ వేసుకుంటుంది. బీపీ మీదా షుగరు మీదా మా చర్చిలో ఇంతవరకూ ఎవరూ సాక్ష్యం చెప్పలేదు కాబట్టి ఆ గోలీలు పాపంలోకి రావు.

ఆ రాత్రి మా ఆయనను పట్టుకున్నాను. "గోలీ లేదు, సూది లేదు అన్నది మీ అమ్మ. రేపు పిల్లకు గోలీ వేస్తే ఎవరన్న చూడరా?"

"అమ్మ మాట పోతది. జర ఎవరు చూడకుండ వెయ్యి, ఏమైతది" అన్నాడు. ఆయన ఒక ఫాంహౌసులో సూపర్‌వైజరు. ఓనరు వచ్చేముందు ఎండిన గడ్డికి పచ్చరంగు కొట్టించమన్నా కొట్టించే మనిషి.

అలా మా ఇంట్లో గోలీ దొంగసరుకైంది. పరామర్శకు వచ్చేవాళ్లు తెగేవాళ్లు కాదు. ఎదురింటి అక్క ఒకరోజు సెల్ఫు మీద డబ్బా చూసి, చాలా తియ్యగా అడిగింది. "సాక్ష్యం చెప్పిండ్రు గదా, మల్ల గోలీలెందుకక్కా?" అత్తమ్మ ముఖం కందగడ్డ అయింది. "అవి బలానికి" అంది. ఆ సాయంత్రం నుంచి డబ్బా అత్తమ్మ పెట్టెలోకి, పట్టుచీరల కిందికి పోయింది.

నేను మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో ఫీజుల సెక్షన్లో పనిచేస్తాను. దవాఖానలో ఉన్నన్ని రోజులకే జీతం కోసేశారు. ఇంకా సెలవు పెడితే పని కూడా పోయేది. పొద్దున్నే స్టాఫ్ బస్సు వస్తుంది, అప్పటికి పిల్ల నిద్రలో ఉంటుంది. కాబట్టి పొద్దుటి గోలీ, మధ్యాహ్నం గోలీ అత్తమ్మ వేయాలి. రాత్రిది నేను వేస్తాను. రోజూ వచ్చి అడిగేదాన్ని. "వేసినవా అత్తమ్మా?" "అయ్యింది బిడ్డా." నేను నమ్మాను. పిల్లను ప్రాణంగా చూసుకునే మనిషి, నమ్మక ఏం చేస్తాను? రాత్రి గోలీ ఆమే పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చేది. మా ఆయనైతే కొత్త మందులు కొనే పని తొందరగా పడటం లేదని లోలోపల సంతోషించాడు. ఎందుకు పడటం లేదని ఆలోచించడం ఆయన డ్యూటీ కాదు.

ఇంతలో సాక్ష్యానికి పిలుపులు మొదలయ్యాయి. చిన్న మంగళారం, జన్వాడ, ఆఖరికి చేవెళ్ల. అత్తమ్మ తెల్లచీర కట్టుకుని, పిల్లకు గౌను తొడిగి, ఆటోలో బయల్దేరేది. నేను పని నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరూ ఉండేవాళ్లు కాదు. అడిగితే "ప్రార్థనకు తోలుకపోయిన, మంచిదే గదా" అనేది. వెళ్లిన ప్రతిచోటా పిల్ల నడిచి చూపించాలి. ఊరు మారిన కొద్దీ సాక్ష్యం పెరుగుతూ పోయింది. జన్వాడ చేరేసరికి డాక్టర్లు రెండు కాళ్లూ తీసేస్తామన్నారట. చేవెళ్లలో శాలువా వచ్చింది. ఎదురింటి అక్కదానికంటే అంచు పెద్దది.

పిల్ల మళ్లీ అన్నం తగ్గించింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. "ఎండల తిరిగి వచ్చింది" అంది అత్తమ్మ. కాలు చూడబోతే పిల్ల లంగా కిందికి లాక్కునేది. డాక్టరమ్మ మళ్లీ రమ్మన్న రోజుకు ఇంకా టైముంది, అయినా నా మనసు ఆగలేదు. ఒకరోజు పని మానేసి చేవెళ్ల తీసుకుపోయాను. అత్తమ్మ కూడా వస్తానంది. రక్తపరీక్ష చేయించారు. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, మళ్లీ చూసి, అదే ఒక్క వేలితో అదే చోట నొక్కింది. పిల్ల ఈసారి అరవలేదు, పెదవి కొరుక్కుంది. సాక్ష్యాల్లో ఓర్చుకోవడం నేర్చుకుంది మరి.

"మందు టైముకు వేస్తున్నరా?" అంది డాక్టరమ్మ.

"వేస్తున్నం మేడం. మూడు పూటలా" అన్నాను. గట్టిగానే అన్నాను.

పిల్ల నన్ను చూసింది, నానమ్మను చూసింది. బడిలో మిస్సు అడిగితే చెప్పినట్టు చేతులు కట్టుకుంది.

"పొద్దున గోలీకి, మధ్యాహ్నం గోలీకి ప్రార్థన చేస్తం మేడం. రాత్రి గోలీ మింగుత."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "ప్రార్థన చేసి?"

"నానమ్మ నా చేతుల గోలీ పెడ్తది. ఇద్దరం కండ్లు మూసుకొని ప్రార్థన చేసి ఆమెన్ అంటం. మల్ల డబ్బాల పెడ్తది. పారేస్తే పాపమని."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరి మీద పడాలో, ఎవరిని కొట్టాలో తెలియని కోపం వచ్చింది నాకు. అంత కోపంలో కూడా పిల్ల చెప్పిన తీరుకు నవ్వు వచ్చేటట్టయింది, దానికి ఇంకా కోపం వచ్చింది.

డాక్టరమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. అత్తమ్మ వైపు తిరిగి, మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది.

"ప్రార్థన చెయ్యొద్దని నేను అన్ననా అమ్మా? చేసినాక మింగియ్యమన్న."

మళ్లీ పట్నం. మళ్లీ ఫొటోలు, మళ్లీ ఆపరేషన్. ఈసారి చీము డాక్టరమ్మ గీసిన ఆ గీత దాకా పోయింది. అంచు కొంచెం తిన్నదని, పూర్తిగా పోలేదని, ఎంత తేడా వస్తుందో పిల్ల పెరిగితేగానీ చెప్పలేమని అక్కడి డాక్టర్లు అన్నారు. అంటే ఏ డాక్టరూ అనకున్నా అత్తమ్మ మైకులో చెప్పిన కాలు పోయే మాటను సగం నిజం చేసి ఇంటికి తెచ్చుకున్నాం మేము. వార్డు బయట బెంచీ మీద అత్తమ్మ కూర్చుని ఉంది. నేను ఆమె ముందు నిలబడి, నలుగురూ వింటున్నారని కూడా చూడకుండా అనేశాను.

"నీ సాక్ష్యం నిలబడ్డది అత్తమ్మా. నా బిడ్డ కాలే నిలబడలే."

"ఇప్పుడు గవన్ని ఎందుకే" అన్నాడు మా ఆయన. ఆయన వైపు చూసిన చూపుకు చాయ్ తెస్తానని కిందికి పోయి చాలాసేపు రాలేదు.

ఇంటికి వచ్చాక సంగతి ఊరంతా పాకింది. ఎదురింటి అక్క రెండు పూటలా పరామర్శకు వచ్చింది, ఆ వారం ఆమె ముఖం కళకళలాడింది. "విశ్వాసంల ఏడనో లోటు జరిగింది" అని ఒకరు, "సాక్ష్యం చెప్పినాక దాసిపెట్టి మందు వేస్తే గట్లనే అయితది" అని ఇంకొకరు. వేయని గోలీల వల్ల వచ్చిన రోగాన్ని వేసిన గోలీల మీదికి తోసేశారు మావాళ్లు. ఫ్లెక్సీని మా ఆయన విప్పి, వాన పడకుండా కోళ్లగూటి మీద కప్పాడు. పావురాల కింద కోళ్లు పడుకునేవి, "సంపూర్ణ స్వస్థత" మీద రెట్టలు పడేవి.

ఒక శనివారం అత్తమ్మ అయ్యగారి ఇంటికి బయల్దేరింది. ఏం చెబుతుందో చూద్దామని నేనూ వెంట పోయాను. నిజం చెప్పాలంటే ఆమె తల దించుకోవడం చూడాలని పోయాను.

"అయ్యగారూ, నేను చెప్పిన సాక్ష్యం వాపస్ తీసుకుంట" అంది.

అయ్యగారు కంగారుపడ్డారు. అంత్యక్రియలు, పెళ్లిళ్లు, ఇంటి ప్రతిష్ఠలు అన్నిటికీ ఆయన దగ్గర పద్ధతి ఉంది. దీనికి లేదు. "వాపస్ తీసుకునే పద్ధతి మన తాన లేదమ్మా. దేవునికి తెలుసు గదా, మనసుల అనుకో, చాలు" అన్నారు. చేవెళ్ల దాకా పోయిన సాక్ష్యం అబద్ధమని తేలితే ఆయన చర్చికే కదా చిన్నతనం.

"మనసుల అని చెప్పలే అయ్యగారూ, మైకుల చెప్పిన" అంది అత్తమ్మ.

ఆదివారం ఆరాధన చివర, సాక్ష్యాలున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అయ్యగారు అడిగారు, అడిగి, తొందరగా పాటల పుస్తకం తెరవబోయారు. అత్తమ్మ అప్పటికే లేచింది. ఆ రోజు తెల్లచీర కాదు, ఇంట్లో కట్టుకునే పాతదే. మైకు దగ్గరికి పోయి, ఎప్పుడూ అనే స్తోత్రాలు కూడా అనలేదు.

"నేను ఇదే మైకుల అబద్ధం చెప్పిన. కాలు తీస్తమని ఏ డాక్టరు అనలే. సూదులు ఇచ్చిండ్రు, గోలీలు ఇచ్చిండ్రు. గా గోలీలు నా మనవరాలిని నేను మింగనియ్యలే. నా మాట పోతదని. బిడ్డ కాలు మల్ల కోసిండ్రు. దీంట్ల దేవుని తప్పు లేదు, మందు తప్పు లేదు. నేను చేసిన."

మా చర్చిలో సాక్ష్యం ముగిస్తే ఏం చేయాలో అందరికీ తెలుసు. ఇలాంటిది ముగిస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. హల్లెలూయ అనడానికి సగం లేచిన చేతులు సగంలోనే ఆగాయి. ఎదురింటి అక్క కూడా కింద చాప నేత చూస్తూ కూర్చుంది. అత్తమ్మ బైబిలు సంచీలోంచి గోలీల పట్టీ తీసింది. మధ్యాహ్నం గోలీ వేళ అయింది. "రా బిడ్డా" అంది. పిల్ల లేవబోతే, "వద్దు, నువ్వు నడవకు, నేనే వస్త" అని చాపల మధ్యనుంచి తానే వచ్చింది. అందరూ చూస్తుండగా గోలీ నోట్లో వేసి, సీసాతో నీళ్లు తాగించింది. చేదుకు పిల్ల ముఖమంతా ముడుచుకుంది. మింగి, మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ గట్టిగా "ఆమెన్" అంది.

ఒక్కరంటే చాలు, మావాళ్లకు నోరు ఆగదు. చర్చి మొత్తం "ఆమెన్" అంది. నేను అనలేదు. అనబోయి ఆగాను. ఇప్పటికీ అనలేదు.

సోమవారం పొద్దున స్టాఫ్ బస్సు హారన్ కొట్టింది. గోలీల డబ్బా నా చేతిలో ఉంది. మా ఆయన ఫాంహౌసుకు పోయాడు, ఇంట్లో అత్తమ్మ తప్ప పెద్దవాళ్లు ఎవరూ లేరు. నేను ఆమె చేతిలోనే పెట్టాను, పెట్టి వెంటనే వదల్లేకపోయాను. ఆమె లాక్కోలేదు. "మింగినాక ఫోన్ చేయిస్త బిడ్డా" అంది.

ఆ రోజు మొదలు డాక్టరమ్మ ఆపమన్న నాటి దాకా, ఫీజుల కౌంటరు ముందు ఎంత లైనున్నా నా ఫోను మోగేది. వీడియో కాల్ చేయడం అత్తమ్మకు రాదు. ఆమె నాతో మాట్లాడేది కూడా కాదు, పిల్ల నోటి దగ్గర ఫోను పెట్టేది. నాలుక కింద ఏమీ దాచలేదని చూపించడానికి పిల్ల నోరంతా తెరిచి "ఆ..." అనేది. ఫోనులో నాలుక ఎక్కడ కనిపిస్తుంది? అయినా నేను ఆ "ఆ..."ను చివరి దాకా విని, "సరే" అని, అప్పుడు తర్వాతి వాళ్ల ఫీజు తీసుకునేదాన్ని.